పంచడానికి మిగిలిన ముప్పై పుస్తకాలు

కోడలు పిల్లా,

సెలవుల్లో పేదింటి పిల్లలకు పంచుదామని పొద్దున మన కొట్లోంచి యాభై కొత్త కథల పుస్తకాలు పట్టుకెళ్లాను. ఇరవై ఇచ్చాను. మిగతావి వెనక్కి తెచ్చాను, కొట్లో బల్ల మీదున్నాయి. అట్టల మీది ధర చీటీలు పీకడం మరిచాను. అవి చూసి తీసుకునేవాళ్లు మొహమాటపడుతున్నారు. అట్ట చిరగకుండా మెల్లగా పీకిపెట్టు.

అమ్ముడుపోని నలిగినవి ఇద్దామంటే, మీ ఆయన ఎదుటే "పిసినారితనం వద్దు మామయ్యా" అన్నావు. మనసు చివుక్కుమంది. నీ మాట విన్నందుకు మంచే జరిగింది.

బట్టలుతికే ఆవిడ కూతురు ఇన్నాళ్లూ ఎవరో వాడి వదిలేసినవే చదివింది. ఇవాళ మొదటి పేజీ తిప్పి, "తాతా, ఇందులో ఎవరి పేరూ కొట్టేసి లేదేం?" అంది.

"నీ పేరే మొదటిది, రాసుకోవే" అన్నాను.

నా కలం లాక్కుని మూడు చోట్ల రాసుకుంది.

తా.క. ఈ పూట లెక్క: కలం తిరిగి రాలేదు. తక్కినదంతా లాభమే, అదీ నీ చలవే.