ఫోనమ్మ

కదిరి,
జూన్, 2007.

అమ్మకు, నీ కొడుకు ఓబుళేసు దండాలు పెట్టి రాస్తాండేది. ఈడ నేను, చెల్లెలు ఆశ్రిత, తిమ్మక్క చిన్నమ్మ అందరం బాగానే ఉండాము. నాయన గొర్లను తోలుకొని కర్నూలు పక్కకు పోయినాడు, ఆడ మేత దొరికిందంట. కువైట్‌లో నువ్వు బాగుండావని, మోకాళ్ళ నొప్పి తగ్గిందని అనుకుంటాండా.

నీ జాబు అందింది. అడిగినవాటికి జవాబు రాస్తా. వాన పల్లేదు. మోడం వస్తాది, గాలి తోలుకొని పోతాది. శెనక్కాయ ఇత్తనాలు తెచ్చిపెట్టుకొని అందరూ పైకి చూస్తాండారు. ఇంగ నా సంగతి. "ఇస్కూలు ఇడిసిపెట్టినావు, బస్సు క్లీనరు పని ఇడిసిపెట్టినావు, మెకానిక్ షెడ్డు ఇడిసిపెట్టినావు, ఈ కంప్యూటర్ల కాడన్నా నిలకడగా ఉండు నాయనా" అని రాసినావు. దాదాపీర్ అన్న నెట్ సెంటర్లోనే ఇంగా ఉండా లే మా. కాలు నిలవనోన్ని కుర్చీకి కట్టేసినట్ల ఉంటాది గానీ, పని నచ్చింది.

నచ్చింది గదా అని మొన్న సెంటరునే ముంచినా. ఆ కత చెప్పాల. నీకెందుకు చెప్తాండానో చదివితే తెలుస్తాది.

మా సెంటర్లో పెద్ద మిషను ఒకటే, మిగతావన్నీ దాని మీదనే నడుస్తాయి. ఆ మిషన్లో కెర్నల్ అని ఒకటుంటాది, పెత్తనమంతా దానిదే. మెమరీ అంటే బస్సులో సీట్లనుకో, కెర్నల్ కండక్టరు. ఖాళీ సీటు కనపడితే ఈ కండక్టరు ఊరకుండడు, ఏదో ఒక మూట పెట్టేస్తాడు, మళ్ళా ఎవరన్నా ఆ మూట అడిగితే బిరీన ఇయ్యొచ్చని. చూసేటోళ్ళకు బస్సు నిండిపోయినట్లే ఉంటాది. కానీ మనిషి ఎక్కితే మూట తీసి సీటిస్తాడు. అందుకని ఖాళీ ఎంత ఉందని కాదు, ఖాళీ చేయించుకోగలిగేది ఎంతుందని లెక్కెయ్యాల. ఆ లెక్కలన్నీ కెర్నలే ఒక ఫైల్లో చూపిస్తాది. అది చదివి నేనొక మీటరు తయారు చేసినా, స్క్రీను మూలన పచ్చగీత మాదిరి. గీత ఎంత పొడుగుంటే అంత చోటుండాదని.

పదో తరగతి ఫలితాలొచ్చిన దినం పిల్లోళ్ళు వాకిట్లో తోసుకుంటాండారు. బిరీన చూపియ్యాలని ఫలితాలన్నీ దించి మెమరీలోనే పెట్టింటి. "ఇంగా ఎంతమందిని కుచ్చోబెట్టొచ్చురా?" అన్నాడు దాదాపీర్ అన్న. చూస్తే గీత సగానికి ఉండాది. "ఎంతమందినైనా రమ్మను అన్నా" అంటి.

కాసేపటికి స్క్రీన్లన్నీ నల్లగయినాయి. ఇంగ చోటే లేదంటే కెర్నల్ ఎవర్నో ఒకర్ని బయటికి నూకేస్తాది. స్క్రీన్లన్నీ నడిపే మా పెద్ద పోగ్రామునే నూకింది.

"ఏమప్పా, నీ మీటరు కరెంటోళ్ళ మీటరు కన్నా అన్యాయంగా ఉండాదే!" అన్నాడు అన్న. పిల్లోళ్ళంతా నగినారు. నాకు తల యాడ పెట్టుకోవాల్నో తెల్లేదు.

తప్పేందంటే, నేను మెమరీలో పెట్టిన ఫలితాలను కూడా కెర్నల్ ఆ మూటల లెక్కలోనే కలిపి చూపిస్తాది. మామూలు మూటలకైతే డిస్కులో ఇంగో నకలుంటాది, తీసేసినా మళ్ళా తెచ్చుకోవచ్చు. వీటికి యాడా నకల్లేదు. తీస్తే పోయినట్లే. అందుకే కెర్నల్ వాటిని ముట్టుకోదు. దుప్పటి కప్పిందాన్ని చూసి నేను మూట అనుకుంటి, కింద పిల్ల పండుకోనుండాది.

ఆ ఫలితాల లెక్క తీసేసి మీటరు మార్చినా. ఇప్పుడు గీత పొట్టిగా ఉంటాది, నిజంగా ఉంటాది. "ముందరిదే బాగుండ్య గదరా, చూస్తే ధైర్యంగా ఉండేది" అంటాడు అన్న.

ఇంటికొచ్చి నీ జాబు మళ్ళా చదివినా. మీ మేడం ఇంగా రెండేండ్లు ఉండమంటాంది, కాగితం మీద సంతకం పెట్టాల్నా వద్దా అని అడిగినావు. "పాప నన్ను తలుచుకొని ఏడుస్తాదని రాస్తావే, అది చదివి నేనూ ఏడుస్తా గానీ, నన్ను మరిచిపోలేదు గదా అని అదే ధైర్యం. ఇంగ రెండేండ్లయినా నా బిడ్డ నా కాడికే వస్తాది గదా?" అని రాసినావు.

అమ్మా, అది ఏడుస్తాదని నేను రాసిందంతా అబద్ధం.

నువ్వు పోయినప్పుడు ఆశ్రిత పాకుతాండ్య. దానికి నీ మొకం తెలీదు. చిన్నమ్మనే అమ్మా అంటాది. నిన్ను ఫోనమ్మ అంటాది. "అమ్మా, ఎప్పుడొస్తావు" అని ఫోన్లో అంటాదే, అది నేను పక్కనుండి చెప్పిస్తే అంటాది, అన్నందుకు చాకలెట్టు అడుగుతాది. అంత దూరాన ఒక్కదానివే ఉండావని, నీకు ధైర్యంగా ఉంటాదని, గీత పొడుగు చేసి చూపిస్తా వచ్చినా.

సంతకం పెట్టొద్దు, వచ్చేయి. పాప మనసు నీ పక్కకు ఎంత తిరిగొస్తాదో నాకు తెలీదు. రెండేండ్లు పోతే ఇంత కూడా రాదని మాత్రం తెలుసు. మొదట్లో చిన్నమ్మ కొంగు చాటున దాంకుంటాది, గుంజొద్దు. చిన్నమ్మకు బిడ్డల్లేరు. ఆమె చేతుల్లోనుండి తీసుకుంటే ఆమెకు ఇంగొకటి లేదు. అది కూడా తలుచుకొని రా.

ఈ జాబు రాస్తాండానని ఆమెకు చెప్పినా. "అక్కను రమ్మనే రాయి" అనింది.

ఈ పొద్దున పిల్లకు జడేస్తా చెప్తాంది. "నేను చిన్నమ్మను. అమ్మ కువైట్‌లో ఉండాది. యాదీ, చిన్నమ్మా అను." పిల్లకు అదొక ఆట. చిన్నమ్మా చిన్నమ్మా అని ఇల్లంతా ఎగిరింది. ఎగిరి ఎగిరి గడప తగిలి పడింది. అమ్మా అని ఏడుపెత్తుకునింది.

పొయ్యి కాడున్న చిన్నమ్మ లేసింది. మళ్ళా కుచ్చునింది. "నువ్వు పోరా" అనింది నాతో. నేను ఎత్తుకుంటే నన్ను తంతా, చేతులు ఆమె పక్కకే చాపి, అమ్మా అమ్మా అని అరుస్తానే ఉండాది. చిన్నమ్మ ఇట్ల తిరగలేదు. ఊదుగొట్టం పట్టుకొని పొయ్యి ఊదుతానే ఉండాది. పొయ్యి బాగానే మండుతాండ్య మా.

ఇట్లు,
నీ రాకకు చూస్తాండే కొడుకు,
ఓబుళేసు