మా పీచ్ గ్రూపు సంగతి

కమ్మింగ్,
ఆదివారం.

చిరంజీవి రామూకి అక్క దీవించి రాసేది. ఇక్కడ మేం ముగ్గురం బాగానే ఉన్నాం. అక్కడ నువ్వు, మరదలు, అమ్మ, నాన్నగారు కులాసాగా ఉన్నారని తలుస్తాను. అమ్మకి మోకాలి నొప్పి తగ్గిందా? ఫోన్ చేస్తే పోయేదానికి ఈ ఉత్తరమేమిటని అనుకుంటావు. ఫోన్ చేస్తే నాన్నగారు స్పీకర్ పెట్టమంటారు. ఇది ఆయన చెవిన పడాల్సిన సంగతి కాదు. ఎదురింటివాళ్ళ అత్తగారు ఒంగోలు వస్తుంటే ఆవిడ చేతికిచ్చి పంపుతున్నాను.

ఇక్కడ ఎండలింకా తగ్గలేదు. నా ఉద్యోగం అదే, సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం. వారానికి మూడు రోజులు ఇంట్లోంచే పని. తిండికేం లోటు లేదు, ఇండియన్ స్టోర్లో గోంగూర కూడా దొరుకుతోంది, వాడిపోయి.

అసలు సంగతికొస్తాను. సహస్ర రెండో క్లాసుకొచ్చింది కదా. మూడు వారాల కిందట స్కూల్లో రీడింగ్ టెస్టు పెట్టి పిల్లల్ని గ్రూపులుగా విడదీశారు. ఎవరినీ చిన్నబుచ్చకూడదని పండ్ల పేర్లు పెట్టారట. యాపిల్, చెర్రీ, పీచ్. మన పిల్ల పీచ్. అదేదో బిరుదు ఇస్తున్నట్టు బొమ్మ వేసిన కాగితం కూడా పంపారు. అట్టడుగు గ్రూపని చెప్పడానికి ఇంత పళ్ళబుట్ట ఎందుకో! మన బళ్ళో ఎ, బి, సి అని మొహం మీదే చెప్పేవాళ్ళు. వీళ్ళు నవ్వుతూ చెప్తారు, అంతే తేడా.

ఆ వారమే ఒక బర్త్‌డే పార్టీలో శిరీష తగిలింది. మా వీధిలోనే ఉంటుంది, సందు చివర. "అయ్యో, పీచా అండీ? మావాడు యాపిల్. మేమేం చదివించలేదండీ, వాడే పికప్ చేసేశాడు" అంది. ఏం చదివించలేదట! వాణ్ణి వారంలో మూడు చోట్ల కోచింగ్‌కి దింపే ఆవిడ కారు మా ఇంటి ముందునుంచే పోతుంది. చేతిలో కేకు ప్లేటు లేకపోతే ఏదో ఒకటి అనేసేదాన్నే.

మీ బావగారి సంగతి చెప్పక్కర్లేదు. "సెకండ్ గ్రేడే కదా, లైట్ తీస్కో" అన్నారు. మర్నాడు ఆఫీసునుంచి ఎక్సెల్ షీట్ చేసుకొచ్చారు, రోజుకి పిల్ల ఎన్ని పేజీలు చదవాలో. కూతుర్ని కూడా ప్రాజెక్టు చేసేశాడు మహానుభావుడు.

ఇక నేనే టీచరమ్మని నిలదీద్దామని వెళ్ళాను. ఆవిడ పిల్ల రాసిన కాగితాలన్నీ ముందేసింది. టెస్టులో తప్పిపోయిన కుక్క కథ ఇస్తే, మొత్తం ఒక్క తప్పు లేకుండా చదివిందట. "తర్వాత ఏమవుతుందనుకుంటున్నావు?" అని అడిగితే మాత్రం మౌనం. "నీకేమనిపించింది?" అంటే మళ్ళీ మౌనం. చదవడం వచ్చు గానీ అర్థం కావడం లేదని తేల్చేసింది. మా పిల్లకి అర్థం కాకపోవడమేమిటని లోపల మండిపోతూ బయటికొచ్చాను.

కారెక్కాక అడిగితే సహస్ర ఏమందో తెలుసా? "నాకు తెలుసమ్మా. ఆ డాగ్ ఇంటికి వస్తది అని. బట్ ష్యూర్ కాదు. ష్యూర్ కాకపోతే నోరు తెరవొద్దు అని నువ్వే చెప్పావ్ కదా?"

నేనే చెప్పాను. టెస్టు రోజు పొద్దున జడ వేస్తూ కూడా చెప్పాను. ఇప్పుడు అది ఇంట్లో కూడా మాట్లాడడం మానేసింది. ఏం కూర చెయ్యమంటావని అడిగినా, ఏది సరైన జవాబా అని నా మొహం చూస్తోంది. అన్నిటికన్నా అదే నా గుండెల్లో గుచ్చుకుంటోంది రామూ. ఊళ్ళోవాళ్ళ తప్పులు పట్టి జీతం తీసుకునే దాన్ని, ఇంట్లో నేను చేస్తున్న తప్పు ఏడేళ్ళుగా పట్టుకోలేకపోయాను. శిరీషని తిట్టుకున్నదానికి రెండింతలు నన్ను నేను తిట్టుకున్నాను.

అన్నాలప్పుడు నాన్నగారు నోటిలెక్కలు అడగడం గుర్తుందా? నేను మనసులో పదిసార్లు సరిచూసుకునిగానీ నోరు విప్పేదాన్ని కాదు. నువ్వు మాత్రం "నలభై! కాదా? అయితే యాభై!" అని అరిచేవాడివి. నాన్నగారు మొట్టికాయ వేసేవారు. గాలిలెక్కలోడా అని అందరికన్నా గట్టిగా నవ్వింది నేను. ఈ రోజున పాడైన మోటారు మీ వైండింగ్ షాపుకొస్తే, నువ్వు తిప్పి, చెవి పెట్టి విని, బేరింగ్ పోయుంటుందంటావు. కాకపోతే నవ్వేసి మళ్ళీ విప్పుతావు. ఆ ఒక్క విద్య నా కూతురికి నేర్పలేకపోయాను.

అందుకని ఒక పని చేసిపెట్టు. శనివారం షాపులోంచి వీడియో కాల్ చెయ్యి. ఏదో ఒక పాడైన మోటారు తిప్పి, దీనికేమయిందో చెప్పమని సహస్రని అడుగు. ఏం చెప్పినా సరే, విప్పి చూద్దాం పట్టు అను. తప్పయితే నువ్వు నవ్వే ఆ నవ్వు దానికి వినిపించు. నేను పక్కన ఉండను, వంటింట్లోకి వెళ్ళిపోతాను.

పెద్దదాన్ని కాబట్టి ఉత్తరం చివర నిన్ను దీవించాలి. దీవిస్తున్నాను. కానీ తొమ్మిదో తరగతిలో నిన్ను సి సెక్షన్‌కి మార్చిన రోజు, నీ సంచి మీద ఎవరో సుద్దముక్కతో ఇంత పెద్ద 'సి' రాశారు చూడు. నువ్వు మీ క్లాసు సుధాకరే రాశాడనుకుని వాడితో కలబడి, చొక్కా చింపుకుని వచ్చావు. నాన్నగారు మళ్ళీ నిన్నే కొట్టారు. నేను గుమ్మంలో నిలబడి చూస్తూ ఊరుకున్నాను.

అది రాసింది నేనే.

మరదలికి ఆశీస్సులు. అమ్మకీ నాన్నగారికీ నమస్కారాలు చెప్పు. శనివారం ఫోన్ చేస్తావు కదూ?

నీ అక్క,
వాణి