దారి తప్పిన మిసాకి

మస్కట్

అక్కా, మేమంతా బాగున్నాం. నవీన జపాన్‌లో దారి తప్పుతుందని బావ కూతుర్ని చదువుకు పంపనంటున్నాడట. ఈ కార్డు ఆయనకు చదివి వినిపించు.

మా పై గదిలో జపాన్ పిల్ల మిసాకి ఉంటోంది. పరాయి దేశంలో పని నేర్చుకోమని యూనివర్సిటీ ఏడాదికి పంపింది. మొన్న అల్ ఖువైర్ ఆఫీసు నుంచి వస్తూ పొరపాటున ఓ కంపెనీ బస్సెక్కి ఘాలాలో మనవాళ్లుండే కూలీల క్యాంపులో దిగింది. సంచిలో నేను నా నంబరు రాసి పెట్టిన చీటీ చూసి, అక్కడుండే జగిత్యాల దేవయ్య ఫోన్ చేశాడు. "మీ పిల్ల మా రూముల పప్పన్నం తింటున్నది, పరేషాన్ కాకమ్మా!" నేను వెళ్లేసరికి అందరి పేర్లూ పనులూ అడిగి రాసుకుంటోంది. మర్నాడు కావాలనే అదే బస్సెక్కి వాళ్లకు మిఠాయి ఇచ్చి వచ్చింది. ఎంత ముచ్చటేసిందో!

నీ మోకాలి నొప్పి తగ్గిందా? కరివేపాకు పొడి పంపు. జపాన్‌లో ఉన్న మిసాకి వాళ్లమ్మ నంబరు కార్డు అంచున రాశాను. చీటీ మీద ఎక్కించి నవీన సంచిలో పెట్టు. పిల్లకు నా దీవెనలు.

సుమలత