గంటసేపు ఊరిన కోనెం ముక్కలు

అత్తా,

నా తెలుగు రాత చూస్తే నువ్వు నవ్వేదానివి. ఎలాగూ చదవవు కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

నిన్న నీ సంవత్సరీకం అయింది. ఈరోజు మిన్నీ బే రేవుకి పడవలొచ్చే వేళకు వెళ్లి మంచి కోనెం చేప తెచ్చాను. నువ్వు పోయాక మామయ్య చేప ముట్టలేదు. సముద్రం మీద బతికిన మనిషి ఏడాదంతా పప్పూ చారుతో సరిపెట్టుకున్నారు.

ఆఫీసు హడావుడిలో నేనెప్పుడూ ముక్కలకు కారం పూసి వెంటనే పెనం మీద వేసేదాన్ని. "తొందర నీకు గానీ సేపకేటి, బేటీ?" అంటూ నువ్వు గిన్నె లాక్కునేదానివి. ఈరోజు నువ్వు చేసినట్టే చేశాను. ముందు ఉప్పూ పసుపూ రాసి కాసేపు ఉంచాను. ఊరిన నీళ్లు వంపేసి, వెల్లుల్లి, జీలకర్ర, కారం నూరి, చిక్కటి చింతపండు గుజ్జుతో కలిపి పట్టించాను. గంటసేపు మూత పెట్టాను. ఆ గంటలో మూత తీసి ఎన్నిసార్లు చూశానో!

వేపుతుంటే మామయ్య వంటగది గుమ్మంలోకి వచ్చారు.

"ఎంతసేపు ఊరబెట్టేవేటి?"

"గంట, మామయ్యా."

"ఠీక్ హై. ఓ ముక్క ఎయ్యి."

నిలబడే తిన్నారు. ఇంకోటి అడిగారు. మూడోది నములుతూ, "ఉప్పు కొంచెం తగ్గింది బేటీ. మీ అత్తయితే సరిగ్గా ఏసేది" అన్నారు.

ఈ ఏడాదిలో ఆయన నా వంటకు వంక పెట్టడం, నీ మాట ఎత్తడం ఇదే మొదటిసారి. నవ్వుతూ ఉప్పు డబ్బా ఆయన చేతికిచ్చాను.