ముందు పైన, తర్వాత కింద

అక్కా,

నా నంబరు నువ్వు బ్లాక్ చేశావు కనుక ఈ కాగితం నీ తలుపు కింద తోస్తున్నాను. ఇది బట్టల తాడు గొడవలో రాజీ కోసం కాదు, నెట్ కోసం.

లైను నీ మోడెమ్‌లోకి వచ్చి, అక్కణ్ణుంచి కింద నా రౌటర్‌కి దిగుతుంది కదా. నెట్ రావట్లేదని కంపెనీ అమ్మాయికి ఫోన్ చేస్తే, "ముందు పైది ఆపి వెయ్యండి. దాని లైట్లు నిలకడగా వెలిగాక కిందది వెయ్యండి. మీరిద్దరూ ఒక మాట అనుకుని చెయ్యండి మేడం" అంది. మన సంగతి ఆమెకేం తెలుసు?

వారం నుంచి నేను రౌటర్ వేసేసరికి పైన నీ స్విచ్ టక్కుమంటోంది. అంటే నేను వేసేటప్పటికి నువ్వు ఆపుతున్నావు. ఎడ్డెమంటే తెడ్డెం. అసలు ఊరికే ఆపి వేస్తే అదెందుకు బాగవుతుంది? ఆ కాసేపట్లో లోపల ఏం జరుగుతుంది? అడిగితే ఆ అమ్మాయీ నవ్వేసింది.

రేపు పొద్దున నువ్వు బట్టలు ఆరేసి వచ్చాక మోడెమ్ ఆపి వెయ్యి. తాడు మొత్తం నువ్వే వాడుకో. నేను రౌటర్ ఆపి మెట్ల దగ్గర నిలబడతాను. లైట్లు కుదురుకోగానే "వచ్చిందే" అని ఒక్క కేక వెయ్యి.

అది మాట్లాడినట్టు కాదులే. తలుపు మాత్రం తీసి ఉంచు, లేకపోతే నాకు వినపడదు.

నీ చెల్లెలు