ముందు కెమెరా వెనక పెట్టాను

అక్కా, ఒంట్లో బాగానే ఉంది, విసుగే చావడం లేదు.

మొన్న ఎలక్ట్రిక్ డెలివరీ వ్యానుకి రివర్స్ కెమెరా మార్చాను. పెట్టె మీది చీమతలకాయంత అక్షరాలు కనబడక, ముందు వైపు పెట్టేదాన్ని వెనక బిగించాను. స్క్రీన్ మీద కుడి ఎడమైంది. డ్రైవరమ్మ వెనక్కి తీస్తూ గేటు స్తంభాన్ని గుద్దింది. మేనేజరు ఆమెను తీసేస్తానన్నాడు. వీళ్ల లెక్కలో తప్పెప్పుడూ కింద ఉన్నవాళ్లదే! తప్పు నాదని రాసిచ్చాను.

"నిన్నెవరడిగారయ్యా? నోరు మూసుకుంటే నీ సొమ్మేం పోయింది?" అన్నాడు.

"ఆమె కూడు పోతుంది. అయినా ఒక్కడు రోజుకి పది బండ్లు చూడాలన్న రూలెవరిది?" అన్నాను.

నా కళ్లజోడు మీ ఫ్రిజ్ మీద మరిచాను, వెంటనే పంపు. బావ మోకాలి నొప్పి తగ్గిందా? మేనకోడలికి నా దీవెనలు, వాదించడం మాత్రం మానొద్దని చెప్పు.

ఈ పొద్దున సరైన కెమెరా బిగించి, నేనే బండి వెనక కుడివైపు నిలబడ్డాను. "అన్నా, ఈసారి స్క్రీన్ మీద కూడా కుడివైపే ఉన్నావులే!" అని సీట్లోంచి అరిచింది డ్రైవరమ్మ. ఆమె ఉద్యోగం నిలిచింది. నా సంగతి సోమవారం తేలుస్తారట.

నీ తమ్ముడు