నూట పన్నెండో పేజీ

మార్చి 11, బుధవారం

తొందరమ్మ గారికి,

తాబేలు నమస్కరించి వ్రాయునది. నేను క్షేమం. నువ్వూ క్షేమమేనని, నీ కోపం మాత్రం కాస్త చిక్కిపోయి ఉంటుందని ఆశ.

ఏడు నెలలుగా రాయడం, చింపెయ్యడం. ఇప్పుడిక రాయక తప్పలేదు. నువ్వు అనువాదం చేసి, నేను మాటల బెలూన్లలో అక్షరాలు పేర్చిన మాంగా, అదే, ఆ ఇద్దరు ఆడవాళ్ల జపాను బొమ్మల ప్రేమకథ, రెండో ముద్రణకి వెళ్తోంది. ఎడిటర్ గారే నమ్మలేకపోతున్నారు.

నిన్న మళ్లీ మొదటి నుంచి చదివాను, పనిగా కాదు, పాఠకురాలిగా. ఎంత బాగుందే! ఇద్దరూ ముప్పై దాటినవాళ్లు కావడమే దాని సగం బలం. ఒకామె లిఫ్టులు బాగుచేస్తుంది, ఇంకొకామె పళ్ల డాక్టరు. అద్దెలు, నడుం నొప్పులు, దొరకని సెలవులు, వాటి మధ్యలోంచే ప్రేమ నడిచొస్తుంది. లిఫ్టు ఆగిపోయిన చోట ఎనిమిది పేజీలు ఒక్క మాట ఉండదు. నేను పేర్చడానికేమీ లేని ఆ పేజీల దగ్గరే ఎక్కువసేపు ఆగిపోయాను.

లోపాలూ ఉన్నాయనుకో. వాళ్ల ప్రేమ వద్దన్న డాక్టరమ్మ తల్లి ఐదు బొమ్మల్లో మనసు మార్చేసుకుంటుంది. మా అమ్మ చేత టీపొడి మార్పించడానికే నాకు రెండేళ్లు పట్టింది! ఆ లిఫ్టులావిడ ఆఫీసులో పక్క సీటు మగాయన, పాపం, అసూయపడటానికి తప్ప దేనికీ పనికిరాడు. చివర్లో అపార్థం మరీ సాగదీశారు, ఒక్క ఫోను చేసుకుంటే తీరిపోయేది. ఆ మాట అనే అర్హత నాకు లేదులే.

అసలు తప్పు మాత్రం రాసినావిడది కాదు. నూట పన్నెండో పేజీలో లిఫ్టు మెకానిక్కు డాక్టరమ్మతో అనే మాట నువ్వు రాసిందొకటి: నీ పక్కన కూర్చుంటే ఇంక లేవాలనిపించదు, నాతోనే ఉండిపో అని. అచ్చులో వచ్చింది ఇంకొకటి: నువ్వు నాకు సొంత అక్కలాంటిదానివి అని. పది పేజీలు తిప్పితే ఇద్దరూ ముద్దు పెట్టుకుంటారాయె! ఇదెక్కడి అక్కాచెల్లెళ్లండీ అని ఒకావిడ ఉత్తరం రాసింది. ఆఫీసంతా పగలబడి నవ్వారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఎడిటర్ గారే భయపడి మార్చారని, నువ్వు ఆయన్ని అందరి ముందూ కడిగేసి ఉద్యోగం వదిలేశావు. నేను ముట్టుకోలేదమ్మా అని ఆయన అన్నా వినలేదు. ఆయనే ఇప్పుడు నిన్ను మళ్లీ రమ్మంటున్నారు. నీ మాట నీ చేత్తోనే పెట్టించాలట. పెద్దమనిషి. దయచేసి ఒప్పుకో.

ఇట్లు,
నీ తాబేలు

తా.క. ఆయన నిజంగానే ముట్టుకోలేదు. మార్చింది నేను. ప్రెస్సుకి పంపే రోజు, భోజనాలకి అందరూ కిందకి వెళ్లాక.

అంతకు ముందు వారమే ఫైళ్ల గదిలో నువ్వు నాతో అన్నావు ఆ మాట, పొల్లు పోకుండా. ఆలోచించి చెప్తానన్నాను. అదే మాట బెలూన్లో చూడగానే, అందరూ చదివేసి నా మొహం వంక చూస్తారని వణికిపోయాను. నీ ఒక్కదానికి చెప్పాల్సిన జవాబుని మూడు వేల కాపీలు అచ్చు వేయించాను. నువ్వు ఆయన మీద అరుస్తుంటే పక్కనే నిలబడి నోరు మెదపలేదు. సిగ్గుతో చచ్చిపోతున్నానే.

ఇవాళ పొద్దున ఎడిటర్ గారికి అంతా చెప్పేశాను. ఎందుకు మార్చావని ఆయన అడగలేదు, నేనే చెప్పాను.

నాకు సొంత అక్క ఉంది కదా. ఆవిడ పక్కన కూర్చుంటే ఎప్పుడు లేద్దామా అనిపిస్తుంది. నీ పక్కన ఒక్కసారి కూడా అలా అనిపించలేదు.